మాత్రలు అయిపోకముందే



జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోతాం. డాక్టరు చీటీ రాస్తారు. ఆ చీటీ పట్టుకుని మందులిచ్చే చోటికి పోతాం. అక్కడ "ఈ మందు లేదమ్మా" అంటారు. "వచ్చే వారం రా" అంటారు. వచ్చే వారం పోతే మళ్ళీ అదే మాట.

అప్పుడు మనం ఏం చేస్తాం? చాలామంది గమ్మున ఇంటికి వచ్చేస్తాం. "మందు వచ్చినప్పుడు చూద్దాంలే" అనుకుంటాం.

ఒళ్ళు నొప్పుల మాత్ర రెండు రోజులు దొరక్కపోయినా ఓర్చుకోవచ్చు. కొన్ని మందుల సంగతి అట్ల కాదు. అవి మధ్యలో ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. టి.బి. మందు అట్లాంటిదే. దాన్నే క్షయ మందు అంటాం. ఆ మందు కొరత వచ్చినప్పుడు ఎట్ల వెతకాలో, ఎవరిని అడగాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

టి.బి.ని నయం చేసేది మందే

పాత రోజుల్లో టి.బి. వస్తే మనిషి మీద ఆశ వదులుకునేవాళ్ళు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో టి.బి. ఆసుపత్రి తెరిచారు. అప్పటికి టి.బి.కి మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. నెలల తరబడి అక్కడే ఉండాల్సి వచ్చేది.

తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరు రోగులను ఆసుపత్రిలో ఉంచారు. కొందరిని ఇంట్లోనే ఉంచారు. అందరికీ ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉండి మందు మింగిన పేదవాళ్ళకు కూడా ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకు నయమైనట్టే నయమైంది. అంటే నయం చేసేది మంచం కాదు, మందు అని తేలింది. అందుకే ఈరోజు మనం ఇంట్లోనే ఉండి టి.బి. నయం చేసుకోగలుగుతున్నాం.

మామూలు టి.బి.కి ఆరు నెలలు మందు వాడాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర ఇస్తారు. తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసిన మాత్ర ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితం.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది. ఆకలి పుడుతుంది. జబ్బు పోయినట్టే అనిపిస్తుంది. కాని క్రిములు ఇంకా లోపల దాక్కుని ఉంటాయి. అప్పుడు మందు ఆపితే అవి మళ్ళీ లేస్తాయి. ఈసారి అవి మొండికేస్తాయి. పాత మందుకు లొంగవు. దాన్నే మొండి టి.బి. అంటారు. దానికి మందులు వేరు. ఆ మందులతో బాధలు కూడా ఎక్కువ. ఆ మొండి క్రిమి దగ్గు ద్వారా ఇంట్లో పిల్లలకు కూడా అంటుకోవచ్చు.

మందును మనం ఆపినా, మందు దొరక్క ఆగినా క్రిమికి ఒకటే. అందుకే మందు లేదన్నప్పుడు గమ్మున ఉండకూడదు.

కొరత ఎందుకు వస్తుంది?

2023లో మన దేశంలో 28 లక్షల మందికి టి.బి. వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇంతమందికి కావాల్సిన మందును ఎక్కువగా కేంద్ర ప్రభుత్వమే కొంటుంది. కంపెనీల నుంచి కొని రాష్ట్రాలకు పంపుతుంది. రాష్ట్రం నుంచి జిల్లాకు వస్తుంది. జిల్లా నుంచి ఆసుపత్రులకు వస్తుంది. అక్కడినుంచి మన చేతికి వస్తుంది.

ఇది మన కె.సి. కాలువ మాదిరే. నీళ్ళు సుంకేసుల దగ్గర వదలాలి. అక్కడ తక్కువ వదిలితే చివరి చేలకు నీళ్ళు అందవు. మందు కూడా అంతే. పైన కొనడం ఆలస్యమైతే ముందుగా ఎండేది మన ఊరే.

2013లో ఇట్లాగే టి.బి. మందుల కొరత వచ్చింది. 2024లో మళ్ళీ వచ్చింది. ముఖ్యంగా మూడు మందులు కలిసిన మాత్ర చాలా రాష్ట్రాల్లో దొరకలేదు. కొన్నిచోట్ల నెలకు సరిపడా ఇవ్వాల్సిన మాత్రలు కొద్ది రోజులకే ఇచ్చారు.

2024 మార్చి 18న కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. అందులో మూడు సంగతులు ఉన్నాయి. ఒకటి, మందుల సరఫరా ఆలస్యం కావచ్చు. రెండు, మూడు నెలలకు సరిపడా మందులు రాష్ట్రాలే కొనుక్కోవాలి. మూడు, జిల్లాలో ఉచితంగా మందు ఇవ్వలేకపోతే, రోగి బయట కొన్న ఖర్చు తిరిగి ఇవ్వవచ్చు.

ఈ మూడో సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. మందు లేకపోవడం రోగి తప్పు కాదు. మందు అందించడం ప్రభుత్వం బాధ్యత. కాబట్టి మనం అడిగేది బిచ్చం కాదు. మనకు రావాల్సిందే అడుగుతున్నాం.

మొదటి పని: లెక్క పెట్టండి

మాత్రలన్నీ అయిపోయాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. పది రోజులకు సరిపడా మాత్రలు ఉన్నప్పుడే కదలాలి.

పెద్దవాళ్ళకు రోజుకు ఎన్ని మాత్రలో బరువును బట్టి డాక్టరు చెప్తారు.

25 నుంచి 34 కిలోల బరువుంటే రోజుకు 2 మాత్రలు.
35 నుంచి 49 కిలోలు ఉంటే 3 మాత్రలు.
50 నుంచి 64 కిలోలు ఉంటే 4 మాత్రలు.
65 నుంచి 75 కిలోలు ఉంటే 5 మాత్రలు.
75 కిలోలు దాటితే 6 మాత్రలు.

ఇది ప్రభుత్వం ఇచ్చే మాత్రల లెక్క. మీ కార్డులో ఎన్ని రాసి ఉంటే అన్నే వేసుకోవాలి.

ఒక అక్క బరువు 42 కిలోలు అనుకుందాం. ఆమెకు రోజుకు 3 మాత్రలు. ఇంట్లో 30 మాత్రలు మిగిలాయి. 30ని 3తో భాగిస్తే 10. అంటే ఇంకా పది రోజులకే మందు ఉంది. ఆమె ఈరోజే బయలుదేరాలి.

ప్రతి ఆదివారం ఒకసారి మాత్రలు లెక్కపెట్టుకోండి. క్యాలెండరు మీద రాసుకోండి. మీకు అంకెలు వచ్చు. ఆ అంకెలే ఇక్కడ మీ ప్రాణానికి కాపలా.

రెండో పని: కాగితాలు సిద్ధం చేసుకోండి

ఒక చిన్న సంచి పెట్టుకోండి. అందులో ఇవి ఉండాలి:

డాక్టరు రాసిన చీటీ.
టి.బి. కార్డు. దాని మీద నిక్షయ్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో దేశంలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా మీ వివరాలు కంప్యూటరులో చూడవచ్చు.
ఆధారు కార్డు.
వాడుతున్న మాత్రల అట్ట. మాత్రలు అయిపోయినా ఖాళీ అట్ట పారేయకండి.

ఖాళీ అట్ట ఎందుకు? దాని మీద మందు పేరు, బలం, గడువు తేదీ అచ్చువేసి ఉంటాయి. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. కాని అంకెలు మనకు తెలిసినవే. మూడు మందుల మాత్ర అట్ట మీద 75, 150, 275 అనే అంకెలు ఉంటాయి. ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, ఇథాంబ్యుటాల్ 275. నాలుగు మందుల మాత్రలో వీటితోపాటు పైరజినమైడ్ 400 కూడా ఉంటుంది. ఈ అంకెలు చూసి కొత్త అట్టను పాత అట్టతో పోల్చుకోవచ్చు.

మూడో పని: దగ్గర నుంచి దూరానికి వెతకండి

ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం. సిస్టరుకు చెప్పండి. "సిస్టర్, నా మాత్రలు పది రోజులకే ఉన్నాయి" అనండి. వాళ్ళు ఫోను చేసి ఏ ఆసుపత్రిలో మందు ఉందో కనుక్కోగలరు. ఫోనుతో అయ్యే పనికి ముందే బస్సెక్కవద్దు.

తర్వాత మీ మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. అక్కడ లేకపోతే ఆళ్ళగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. అక్కడా లేకపోతే నంద్యాల ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పోండి. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల సుమారు నలభై కిలోమీటర్లు. శిరివెళ్ళ మీదుగా బస్సులు ఉంటాయి. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధారు కార్డు చూపిస్తే టికెట్టుకు డబ్బు తీసుకోరు. ఛార్జీలకు డబ్బు లేదని ఆగిపోవద్దు.

ఆసుపత్రిలో "లేదు" అన్న వెంటనే వెనక్కి తిరగకండి. నాలుగు మాటలు అడగండి. ఇట్ల మాట్లాడవచ్చు:

"సార్, ఈ మాత్రలు కావాల."

"లేవమ్మా. స్టాకు రాలేదు."

"ఎప్పుడొస్తాయి సార్?"

"చెప్పలేమమ్మా."

"పక్క ఆసుపత్రిలో యాడైనా ఉన్నాయా సార్? ఒకసారి ఫోను చేసి అడగండి."

"నంద్యాలలో అడిగి చూస్తా."

"మొత్తం నెలకు లేకపోయినా వారానికన్నా ఇప్పించండి సార్. నాకు నాలుగు రోజులకే ఉండాయి. మందు ఆగగూడదని డాక్టరు చెప్పినాడు."

"సరేమ్మా, రేపు పొద్దున రా. తెప్పిస్తా."

"మంచిది సార్. నా ఫోను నంబరు రాసుకోండి. మీ పేరు కూడా చెప్పండి, గుర్తు పెట్టుకుంటా."

చూశారా? ఆమె గొడవ పడలేదు. కాని వదిలిపెట్టలేదు. ఎప్పుడొస్తుంది, ఎక్కడుంది, కొన్ని రోజులకైనా ఇస్తారా, ఎవరు తెప్పిస్తారు, ఈ నాలుగూ అడిగింది. ఒక ఆసుపత్రిలో అయిపోయిన మందు ఇంకో ఆసుపత్రిలో ఉండవచ్చు. దాన్ని ఇక్కడికి తెప్పించే వీలు ఉంటుంది. అడిగితేనే ఆ పని జరుగుతుంది.

జిల్లాకు ఒక టి.బి. అధికారి ఉంటారు. కింది ఆసుపత్రుల్లో పని కాకపోతే ఆయన్ని కలవాలి. 104 నంబరుకు ఫోను చేయవచ్చు. టి.బి. కోసం దేశమంతటికీ ఒక ఉచిత ఫోను నంబరు ఉంది. అది 1800-11-6666. ఈ నంబరు మీ పుస్తకం అట్ట మీద రాసుకోండి.

ప్రైవేటు డాక్టరు దగ్గర వైద్యం చేయించుకునేవాళ్ళు కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా టి.బి. మందు తీసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

బయట మందుల షాపులో కొనాల్సి వస్తే

కొరత రోజుల్లో బయట కొనమని డాక్టరు చెప్పవచ్చు. అప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి.

చీటీ చూపించి కొనండి. టి.బి. మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు షాపువాళ్ళు రిజిస్టరులో రాసుకోవాలి. ఇది చట్టం. షాపులో నలుగురి ముందు జబ్బు పేరు చెప్పడానికి మనసొప్పకపోతే చెప్పనక్కర్లేదు. చీటీ, ఖాళీ అట్ట చేతికిస్తే చాలు.

"అదీ ఇదీ ఒకటేనమ్మా" అన్న మాట నమ్మి ఊరుకోకండి. కంపెనీ పేరు వేరైనా ఫరవాలేదు. లోపలి మందుల పేర్లు, అంకెలు సరిపోవాలి. బయట షాపుల్లో రెండు మందులే కలిసిన మాత్రలు కూడా ఉంటాయి. మూడు మందులు కావాల్సిన మనిషికి రెండు మందుల మాత్ర చాలదు. కొన్ని మాత్రల్లో మందు బలం ఎక్కువ ఉంటుంది. అప్పుడు రోజుకు 3 కాదు, తక్కువ మాత్రలు వేసుకోవాల్సి రావచ్చు. అంకెలు మారితే మాత్రల లెక్క మారుతుంది. కాబట్టి కొన్న అట్టను డాక్టరుకో సిస్టరుకో చూపించి, రోజుకు ఎన్ని వేసుకోవాలో అడిగి, ఆ తర్వాతే మింగండి.

గడువు తేదీ చూడండి. అట్ట మీద నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. 06/2027 అని ఉంటే 2027 జూన్ వరకు వాడవచ్చు. గడువు దాటిన మందు కొనవద్దు.

బిల్లు తీసుకోండి. బిల్లు లేకపోతే ఖర్చు తిరిగి అడగడానికి ఆధారం ఉండదు. బిల్లు, అట్ట, చీటీ మూడూ సంచిలో దాచండి.

ముక్కూ ముఖం తెలియనివాళ్ళ దగ్గర మందు కొనవద్దు. 2021లో కరోనా రెండోసారి విజృంభించినప్పుడు రెమ్‌డెసివిర్ ఇంజెక్షను కోసం దేశమంతా వెతికింది. ఆ అవసరం చూసి కొందరు దాన్ని ఎన్నో రెట్ల ధరకు దొంగచాటుగా అమ్మారు. కొందరు నకిలీ మందు సీసాల్లో నింపి అమ్మి పోలీసులకు చిక్కారు. కొరత ఉన్నచోటికి మోసం కూడా వస్తుంది.

ఈ పనులు చేయకండి

రోజుకు 3 మాత్రలు వేసుకోవాల్సిన మనిషి "ఎక్కువ రోజులు వస్తాయిలే" అని ఒక్కటి వేసుకోకూడదు. తక్కువ మందు తింటే క్రిమి చావదు, ఇంకా గట్టిపడుతుంది.

రోజు విడిచి రోజు వేసుకోకూడదు.

ఇంట్లో ఇద్దరికి టి.బి. ఉంటే ఒకరి మాత్రలు ఇంకొకరు పంచుకోకూడదు. చాలా ఇళ్ళలో ఏం జరుగుతుంది? "ఆయన పనికి పోవాల. ఆయనకుండనీ" అని భార్య తన మాత్రలు భర్తకు ఇచ్చేస్తుంది. లేకపోతే కొడుక్కు ఇచ్చేస్తుంది. అన్నం తగ్గించుకున్నట్టే మందు కూడా తగ్గించుకుంటుంది. ఇది త్యాగం అనుకుంటాం. కాని ఆమెకు జబ్బు తిరగబెడితే అది మళ్ళీ ఇంటిల్లిపాదికీ అంటుకోవచ్చు. ఇంట్లో అందరికీ వండిపెట్టేది, పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకునేది ఆమే కదా. కాబట్టి ఆడమనిషి మందు ఆమె ఒక్కదాని కోసమే కాదు. ఇద్దరికీ పూర్తి మందు కావాలని గట్టిగా అడగాలి.

మందు కొన్ని రోజులు ఆగిపోతే సొంతంగా మళ్ళీ మొదలుపెట్టకండి. "ఎక్కడ ఆగిందో అక్కడినుంచి వేసుకుందాం" అని మీరే తేల్చుకోకండి. ఎన్ని రోజులు ఆగిందో దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎట్ల మొదలుపెట్టాలో ఆయన చెప్తారు.

అర్జీ రాయడం నేర్చుకుందాం

నోటి మాట గాలికి పోతుంది. కాగితం మీద రాసింది నిలుస్తుంది. ఈ అర్జీ చూసి మీరే రాయండి:

జిల్లా టి.బి. అధికారి గారికి,
నంద్యాల.

అయ్యా,
నా పేరు ................ మా ఊరు ................ మండలం ................
నా నిక్షయ్ నంబరు ................
నేను ................ నెల నుంచి టి.బి. మందు వాడుతున్నాను.
................ తేదీన ................ ఆసుపత్రికి పోతే మందు లేదన్నారు.
నా దగ్గర ........ రోజులకే మందు ఉంది.
నాకు మందు ఆగకుండా ఇప్పించగలరు.
బయట కొన్న మందు బిల్లులు జత చేశాను. ఆ ఖర్చు ఇప్పించగలరు.

ఇట్లు,
సంతకం, తేదీ, ఫోను నంబరు.

బయట మందు కొనకపోతే చివరి రెండు మాటలు వదిలేయండి. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇవ్వండి. రెండోదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని దాచుకోండి.

అక్కడా పని కాకపోతే కలెక్టరు దగ్గరికి పోవచ్చు. సోమవారం నాడు కలెక్టరాఫీసులో జనం అర్జీలు తీసుకుంటారు. ఇదివరకు మనం కలెక్టరును కలవాలంటే కర్నూలు పోవాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. ఇప్పుడు కలెక్టరు నంద్యాలలోనే ఉంటారు.

ఒక్కరే పోవడం భయమనిపిస్తే మీ పొదుపు సంఘం నుంచి ఇద్దరు తోడు పోండి. నెల నెలా సంఘంలో పొదుపు లెక్క చూసుకుంటాం కదా. అప్పుడే "ఊళ్ళో ఎవరికైనా మందు అయిపోవస్తోందా?" అని కూడా అడగండి. ఒకరికి దొరకలేదంటే పక్కింటి మనిషికి కూడా దొరకదు. అందరి పేర్లూ రాసి ఒకే అర్జీ ఇస్తే దానికి బలం ఎక్కువ.

మందుతోపాటు తిండి కూడా ముఖ్యం. వైద్యం జరిగినన్ని నెలలు టి.బి. ఉన్నవాళ్ళకు పౌష్టికాహారం కోసం ప్రభుత్వం బ్యాంకులో డబ్బు వేస్తుంది. 2018లో ఇది నెలకు 500 రూపాయలతో మొదలైంది. 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. మందు కోసం పోయినప్పుడు మీ బ్యాంకు పుస్తకం కూడా తీసుకుపోయి, ఈ డబ్బు పడుతోందో లేదో కనుక్కోండి.

గుర్తు పెట్టుకుందాం

పది రోజుల మందు ఉండగానే కదలాలి.
చీటీ, కార్డు, ఖాళీ అట్ట, బిల్లు పారేయకూడదు.
మాత్రలు తగ్గించుకోకూడదు, పంచుకోకూడదు.
కొత్త అట్ట అంకెలు పాత అట్టతో పోల్చాలి.
"లేదు" అంటే "ఎక్కడుంది? ఎప్పుడొస్తుంది?" అని అడగాలి.

కలిసి మాట్లాడుకుందాం

1. ఒక చెల్లెలి బరువు 52 కిలోలు. ఆమె దగ్గర 36 మాత్రలు ఉన్నాయి. ఎన్ని రోజులకు వస్తాయి? ఆమె ఇంకా ఎన్ని రోజుల లోపల బయలుదేరాలి?
2. మన ఊరికి దగ్గరలో టి.బి. మందు ఎక్కడిస్తారు? అక్కడ లేకపోతే తర్వాత ఎక్కడికి పోవాలి?
3. మన ఇంట్లో ఉన్న ఏదైనా మాత్రల అట్ట తీసుకురండి. దాని మీద గడువు తేదీ వెతికి చదవండి.
4. బి.పి., షుగరు, మూర్ఛ మాత్రలు కూడా డాక్టరును అడగకుండా ఆపకూడదు. అవి దొరకనప్పుడు ఈ పాఠంలో చెప్పినవాటిలో ఏ పనులు పనికొస్తాయి?